అయిదేళ్ల లా కోర్సు: ఏ యూనివర్సిటీలో చేరాలో తేల్చుకోవడం ఎలా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే మా ఆఫీసుకు తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని కాబట్టి తెలిసినవాళ్లంతా నన్నే అడుగుతారు. "సార్, అమ్మాయి లా చదువుతానంటోంది. ఏ యూనివర్సిటీ మంచిది?" నేను వెంటనే పేరు చెప్పను. పాపను రేపు ఉదయం పదింటికి కోర్టుకు పంపమంటాను. కొందరికి ఇది విడ్డూరంగా ఉంటుంది. కానీ సీటు ఎక్కడ తీసుకోవాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరకడం చాలాసార్లు చూశాను. అందుకే ఈ మార్గదర్శి కూడా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

మొదటి అడుగు: దరఖాస్తుకు ముందు రెండు రోజులు కోర్టులో కూర్చోండి

మన కోర్టులు చాలావరకు బహిరంగంగానే నడుస్తాయి. ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి, అంతే. ఉదయం పదిన్నరకు కాల్ వర్క్ మొదలవుతుంది. ఒక్కో కేసు నంబరు పిలుస్తుంటే లాయర్లు లేచి హాజరు చెప్పడం, వాయిదాలు తీసుకోవడం, పిటిషన్లు వేయడం జరుగుతుంటాయి. తర్వాత సాక్షుల విచారణ ఉంటుంది. సాక్షి తెలుగులో మాట్లాడతాడు, క్రాస్ (అవతలి పక్షం లాయరు సాక్షిని ఎదురు ప్రశ్నించడం) కూడా ఎక్కువగా తెలుగులోనే సాగుతుంది. ఒక పొలం గట్టు తగాదాలో వీఆర్వోను క్రాస్ చేస్తున్న సీనియర్‌ను గంటసేపు గమనిస్తే ఈ వృత్తి ఏమిటో తెలుస్తుంది. ఎంత ఓపిక కావాలో కూడా తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణ ఒకటి చూడండి. 2022 సెప్టెంబరు 27 నుంచి వీటిని ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారు. అక్కడ అంతా ఇంగ్లీషే. రోజంతా ఒకే రాజ్యాంగ ప్రశ్న మీద వాదన నడుస్తుంది. ఇదీ న్యాయవాద వృత్తే, ఉదయం చూసిందీ న్యాయవాద వృత్తే. కానీ ఈ రెంటికీ కావాల్సిన తయారీ వేరు.

రెండు రోజుల తర్వాత పిల్లను కూర్చోబెట్టి అడగండి, చదువు అయ్యాక ఎక్కడ పని చేయాలని ఉందో. పదిహేడేళ్లకు కచ్చితమైన జవాబు రాదు, రావాల్సిన పని కూడా లేదు. ఎటువైపు మొగ్గు ఉందో తెలిస్తే చాలు. సొంత జిల్లాలో ట్రయల్ కోర్టు ప్రాక్టీసా, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో హైకోర్టు ప్రాక్టీసా, ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లో పెద్ద లా ఫర్మ్ ఉద్యోగమా, కంపెనీల లీగల్ విభాగమా, జడ్జి ఉద్యోగమా, సివిల్స్‌కు పునాదిగా మాత్రమేనా అన్నది చూడండి.

జడ్జి కావాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు దరఖాస్తు చేయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న ఇచ్చిన తీర్పులో తిరిగి తెచ్చింది. అంటే చదువు అయిన వెంటనే పరీక్ష రాసి జడ్జి అయిపోయే లెక్క ఇక వేసుకోకూడదు. ఆ మూడేళ్లు ఏ ఊళ్లో, ఏ సీనియర్ దగ్గర పని చేస్తారన్నది కూడా కాలేజీ ఎంపికలో భాగమే.

రెండో అడుగు: అయిదేళ్లా, మూడేళ్లా?

ఇంటర్ తర్వాత చేసేది అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. బీఏ ఎల్‌ఎల్‌బీ, బీబీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ లాంటి పేర్లతో ఉంటుంది. డిగ్రీ అయ్యాక చేసేది మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. న్యాయవాదిగా నమోదుకు రెండూ సమానమే. బీఏనా బీబీఏనా అన్నది కూడా ప్రాక్టీసులో ఎవరూ అడగరు, పిల్లకు చరిత్ర, రాజనీతి ఇష్టమైతే బీఏ, లెక్కలు, వ్యాపారం ఇష్టమైతే బీబీఏ తీసుకుంటే సరి.

లా మీద గట్టి ఇష్టం ఉన్నవాళ్లకు అయిదేళ్లది మేలని నా అభిప్రాయం. ఒక ఏడాది కలిసొస్తుంది. అంతకంటే ముఖ్యంగా ఇంటర్న్‌షిప్‌లకు ఎక్కువ కాలం దొరుకుతుంది. ఊగిసలాటలో ఉన్నవాళ్లు మాత్రం తొందరపడొద్దు. న్యాయవిద్యనూ న్యాయవాద వృత్తినీ నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (బీసీఐ) 2008 నాటి న్యాయవిద్య నియమాల ప్రకారం ఇంటిగ్రేటెడ్ కోర్సును మధ్యలో విడదీసి ఒక డిగ్రీ ఇచ్చి పంపడానికి వీల్లేదు, డిగ్రీ ఉందని చెప్పి మధ్యలో చేరడానికీ వీల్లేదు. మూడేళ్లు చదివి మానేస్తే బీఏ పట్టా చేతికి వస్తుందనుకుని చేరినవాళ్లను చూశాను. అలా రాదు. మనసు కుదరనివాళ్లు హాయిగా ఇష్టమైన డిగ్రీ చేసి తర్వాత మూడేళ్ల కోర్సుకు రావచ్చు. బెంగళూరు నేషనల్ లా స్కూల్ కూడా 2022 నుంచి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ నడుపుతోంది, కాబట్టి ఆ దారిలో వచ్చినవాళ్లకు పెద్ద సంస్థలు మూసుకుపోయాయన్న మాట నిజం కాదు.

ఇంకొక హెచ్చరిక. దూరవిద్యలో, కరస్పాండెన్స్‌లో లా డిగ్రీ ఇస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. దాంతో నల్లకోటు వేసుకోవడం కుదరదు.

మూడో అడుగు: ఏ ద్వారానికి ఏ పరీక్ష

ఇంటర్‌లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలన్నది బీసీఐ నియమం. ఏ గ్రూపు చదివారన్నది అడ్డు కాదు, ఎంపీసీ, బైపీసీ పిల్లలు కూడా నిరభ్యంతరంగా రావచ్చు. ఆ తర్వాత దారులు వేరవుతాయి.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ వ్యవస్థ 1987లో బెంగళూరు నేషనల్ లా స్కూల్‌తో మొదలైంది. మన దగ్గర 1998లో హైదరాబాద్ శామీర్‌పేటలో నల్సార్, 2008లో విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చాయి. క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కొద్దిగా లెక్కలు ఉంటాయి. దాదాపు అంతా పెద్ద పేరాలు చదివి జవాబు చెప్పేదే. ముందుగా చట్టాలు తెలిసి ఉండక్కర్లేదు కానీ వేగంగా చదివే అలవాటు లేకపోతే కష్టం. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన పిల్లలు ఇంటర్ మొదటి ఏడాదే రోజూ ఒక ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం చదవడం మొదలుపెట్టాలి. అన్నిటికంటే ఉపయోగపడే కోచింగ్ అదే.

క్లాట్ డిసెంబరులోనే జరుగుతుంది. అంటే ఇంటర్ రెండో ఏడాది మధ్యలో! దరఖాస్తులు ఆగస్టు ప్రాంతంలో మొదలవుతాయి. ఇంటర్ పరీక్షలయ్యాక క్లాట్ గురించి విచారించేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు, అప్పటికి ఆ ఏటి గడువు దాటిపోయి ఉంటుంది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం క్లాట్‌లో లేదు, దానికి ఐలెట్ అని వేరే పరీక్ష, అదీ డిసెంబరులోనే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల లా కాలేజీలకు, వాటి అనుబంధ ప్రైవేటు కాలేజీలకు లాసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష. ఆంధ్రప్రదేశ్‌కు వేరు, తెలంగాణకు వేరు. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు, తెలుగులో కూడా ప్రశ్నపత్రం ఉంటుంది. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. సాధారణంగా మే, జూన్ నెలల్లో జరుగుతుంది. అర్హత సులువే, కోరుకున్న కాలేజీలో సీటుకు కావాల్సిన ర్యాంకు సులువు కాదు.

స్థానికత లెక్క కూడా ముందే చూసుకోవాలి. లాసెట్ సీట్లలో 85 శాతం స్థానికులకే. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లు నడిచిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అందుకే ఒక రాష్ట్రంలో చదివి రెండో రాష్ట్రంలో సీటు కోరేవాళ్లు ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్థానికత భాగాన్ని అక్షరం అక్షరం చదవాలి. జాతీయ సంస్థల్లోనూ చాలావాటికి సొంత రాష్ట్రం కోటా ఉంది. నల్సార్‌లో తెలంగాణ పిల్లలకు, సబ్బవరంలో ఆంధ్రప్రదేశ్ పిల్లలకు దీనివల్ల అఖిల భారత ర్యాంకు కొంత వెనకబడినా అవకాశం ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక, ర్యాంకు చూసి నిరాశపడి కౌన్సెలింగ్‌కే వెళ్లని పిల్లలు ఉన్నారు. దయచేసి అలా చేయకండి.

వీటితోపాటు సొంత పరీక్షలు పెట్టే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. సింబయాసిస్‌కు స్లాట్ రాయాలి, దానికి హైదరాబాద్ దగ్గర కూడా క్యాంపస్ ఉంది.

నాలుగో అడుగు: బీసీఐ అనుమతి మీరే చూసుకోండి

ఈ అడుగు దాటవేస్తే మిగతా శ్రమంతా వృథా. మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. పేరు చెప్పను. వాళ్లకు పాత కోర్సుకు అనుమతి ఉంది, కొత్తగా పెంచిన సెక్షనుకు "వచ్చేస్తోంది" అన్నారు. అయిదేళ్లు చదివి, పాసై, న్యాయవాదిగా నమోదుకు వెళ్తే ఆ సెక్షను అనుమతి కాగితం కోసం నెలల తరబడి తిరగాల్సి వచ్చింది. తోటివాళ్లు కోర్టులో నిలబడుతుంటే వీడు కాలేజీ ఆఫీసు ముందు నిలబడ్డాడు. ఆ కుటుంబం పడిన టెన్షన్ నాకు తెలుసు.

కాబట్టి మూడు విషయాలు విడివిడిగా చూడాలి. కాలేజీకి అనుమతి ఉందా, మీరు చేరబోయే కోర్సుకే ఉందా, ఏ విద్యాసంవత్సరం దాకా ఉంది. బీఏ ఎల్‌ఎల్‌బీకి ఉన్న అనుమతి బీబీఏ ఎల్‌ఎల్‌బీకి పనికిరాదు. ఒక్కో సెక్షనులో 60 మందికి మించి ఉండకూడదు, కాలేజీ 180 మందిని చేర్చుకుంటోందంటే మూడు సెక్షన్లకు అనుమతి చూపించాలి. బీసీఐ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. కాలేజీ వాళ్లను అనుమతి లేఖ నకలు అడగండి. ఇవ్వడానికి నసిగారంటే అక్కడే ఆగిపోండి. 2025 ఆగస్టులో బీసీఐ కొత్త లా కాలేజీలకు మూడేళ్లపాటు అనుమతులు నిలిపేసింది, ఉన్న కాలేజీలు కూడా ముందస్తు అనుమతి లేకుండా కొత్త సెక్షన్లు, కోర్సులు పెట్టకూడదంది. అందువల్ల "కొత్త బ్యాచ్ మొదలవుతోంది" అన్న మాట వినబడితే మరీ జాగ్రత్తగా కాగితం చూడాలి.

అయిదో అడుగు: డబ్బు లెక్క మొత్తం అయిదేళ్లకూ వేయండి

ఇది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. పిల్లల ముందు డబ్బు మాట ఎత్తకూడదనుకునే ఇళ్లు ఉన్నాయి, కానీ అయిదేళ్ల తర్వాత అప్పు ఎవరి మీద పడుతుందో వాళ్లకు తెలియాలి కదా.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి సుమారు రెండు లక్షల పైచిలుకు నుంచి నాలుగు లక్షల దాకా అవుతుంది. ఎక్కువగా అక్కడే హాస్టల్‌లో ఉండి చదవాలి. ప్రయాణాలు, ఇంటర్న్‌షిప్‌లకు ఢిల్లీలోనో ముంబైలోనో నెలరోజులు ఉండే ఖర్చు, ల్యాప్‌టాప్ కలిపితే అయిదేళ్లకు పన్నెండు లక్షల నుంచి ఇరవై లక్షల పైచిలుకు దాకా పక్కన పెట్టుకోవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయ క్యాంపస్ కాలేజీల్లో ఫీజు దీనితో పోలిస్తే ఎంతో తక్కువ. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కొన్నింటి ఫీజులు జాతీయ సంస్థలను మించి ఉంటాయి. ఏడాదికేడాది ఫీజు పెంచుతారా, ఎంత శాతం పెంచుతారు అన్నది రాతలో అడగండి.

ఇక్కడే మొదటి అడుగులో వచ్చిన జవాబు పనికొస్తుంది. జిల్లా కోర్టులో జూనియర్‌గా చేరినవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు పెద్దగా రాబడి ఉండదు. సీనియర్ ఇచ్చేది పెట్రోలుకు, భోజనానికి సరిపోతే సంతోషించాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బీసీఐ 2024లో సూచించింది, కానీ అది సూచన మాత్రమే. కాబట్టి పదిహేను లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని సొంత ఊళ్లో ప్రాక్టీసు మొదలుపెట్టాలనుకుంటే నెలవారీ వాయిదాలు ఎక్కడి నుంచి కడతారు? ఆ అప్పే పిల్లను ఇష్టం లేని ఉద్యోగంలోకి నెడుతుంది. అదే లా ఫర్మ్ ఉద్యోగమే లక్ష్యమైతే, మంచి ప్లేస్‌మెంట్లున్న సంస్థలో ఆ అప్పు తీర్చగలిగిందే.

సాయం దొరికే చోట్లు ఉన్నాయి. లాసెట్ ద్వారా కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లు రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే హామీ లేకుండా బ్యాంకు రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల దాకా రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోండి. పేద కుటుంబాల పిల్లలకు క్లాట్ శిక్షణ నుంచి చదువు పూర్తయ్యేదాకా అండగా ఉండే ఐడియా అనే సంస్థ ఒకటుంది. ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో దాన్ని మొదలుపెట్టారు. ఆయన ఇప్పుడు లేరు, ఆయన మొదలుపెట్టిన పని నడుస్తోంది. ప్రతిభ ఉండి డబ్బు లేని పిల్ల మీ ఊళ్లో ఉంటే ఈ మాట వాళ్లింటికి చేరవేయండి.

ఆరో అడుగు: క్యాంపస్‌కు వెళ్లండి, పని దినాన వెళ్లండి

ఆదివారం వెళ్తే భవనాలు కనిపిస్తాయి. మంగళవారమో బుధవారమో వెళ్తే కాలేజీ కనిపిస్తుంది. ఉదయం పదకొండింటికి క్లాసుల్లో ఎంతమంది ఉన్నారో నడవాలోంచి చూడండి. నియమాల్లో 70 శాతం హాజరు ఉండాలని ఉంది. "రాకపోయినా మేం చూసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు" అని ఆఫీసులో ఎవరైనా భరోసా ఇస్తే, అది సౌకర్యం అనుకోకండి. అలాంటి చోట చదివి మా దగ్గరికి జూనియర్లుగా వచ్చిన పిల్లలకు వకాలత్‌నామా (కక్షిదారు తన తరఫున వాదించమని లాయరుకిచ్చే అధికార పత్రం) నింపడం కూడా మొదటి నుంచి నేర్పాల్సి వస్తుంది. వాళ్ల తప్పు కాదది. అయిదేళ్లు వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

లైబ్రరీలోకి వెళ్లండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. వీటి మీద పుస్తకాలు అరలో ఎన్ని ఉన్నాయో చూడండి. పాత ఐపీసీ పుస్తకాలే దుమ్ము పట్టి ఉంటే, క్లాసులోనూ పాత నోట్సే నడుస్తోందని అనుమానించవచ్చు. ఆన్‌లైన్ తీర్పుల డేటాబేస్‌లు మనుపాత్రా, ఎస్‌సీసీ ఆన్‌లైన్ లాంటివి విద్యార్థులకు అందుబాటులో ఉన్నాయా, ప్రిన్సిపాల్ గదిలో మాత్రమేనా అని అక్కడ చదువుకుంటున్న పిల్లనే అడగండి.

అధ్యాపకుల జాబితా అడగండి. రెగ్యులర్‌గా ఉన్నవాళ్లు ఎందరు, గంటల లెక్కన వచ్చిపోయేవాళ్లు ఎందరు? కోర్టు నుంచి వచ్చి సాయంత్రం క్లాసు చెప్పే న్యాయవాదులు ఉండటం మంచిదే, వాళ్లు చెప్పే సంగతులు పుస్తకాల్లో దొరకవు. అయితే అంతా వాళ్లే అయితే కోర్టు పని పడ్డ రోజు క్లాసు ఉండదు.

ఆచరణ పేపర్ల గురించి ప్రత్యేకంగా విచారించండి. డ్రాఫ్టింగ్, వృత్తి ధర్మాలు, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు (విద్యార్థులు కల్పిత కేసు వాదించే అభ్యాసం), ఇంటర్న్‌షిప్ ప్రతి లా కోర్సులో తప్పనిసరి. డ్రాఫ్టింగ్ రికార్డు పుస్తకం ఒకటి చూపించమని ఆఖరి ఏడాది విద్యార్థిని అడగండి. దావా, రాతపూర్వక జవాబు, బెయిల్ పిటిషన్, నోటీసు, విక్రయ దస్తావేజు సొంత వాక్యాల్లో రాసి, మాస్టారు ఎర్ర సిరాతో దిద్ది ఉంటే ఆ కాలేజీలో చదువు ఉన్నట్టే. అందరి రికార్డుల్లో ఒకే పేర్లు, ఒకే తప్పులు ఉంటే మీకు అర్థమవుతుంది. కాలేజీ గురించి నాకు ఒక్క వస్తువే చూపిస్తామంటే నేను ఈ రికార్డు పుస్తకమే అడుగుతాను.

అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. కాలేజీ ఉత్తరం ఇచ్చి వదిలేస్తుందా, సీనియర్ల దగ్గరికి, న్యాయసేవాధికార సంస్థకు, స్వచ్ఛంద సంస్థలకు తనే పంపుతుందా? కాలేజీకి కోర్టు ఎంత దూరం? శామీర్‌పేట, సబ్బవరం లాంటి క్యాంపస్‌లు ఊరికి దూరంగా ఉంటాయి. చదువుకు ప్రశాంతమే, కానీ క్లాసులు అయ్యాక కోర్టుకు వెళ్లొద్దామంటే కుదరదు, సెలవుల్లోనే వెళ్లాలి. విశాఖ నగరం మధ్యలో ఉన్న ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట చదివే పిల్లలు సాయంత్రాలు ఒక సీనియర్ ఆఫీసులో కూర్చోగలరు. జిల్లా ప్రాక్టీసు కోరుకునేవాళ్లకు ఆ సాయంత్రాల విలువ చాలా ఎక్కువ. మూడో ఏడాది నుంచి ఆఫీసుకు వచ్చి కూర్చున్న అమ్మాయి, డిగ్రీ అయ్యేసరికి సొంతంగా కేసు ఫైల్ సిద్ధం చేయగలగడం నేను కళ్లారా చూశాను.

ఆడపిల్లల హాస్టల్, రాత్రి లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా దారి, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ సభ్యుల పేర్లు బోర్డు మీద ఉన్నాయా లేదా కూడా చూడండి. చట్టం నేర్పే చోటే చట్టం అమలు కాకపోతే ఇంకెక్కడ అవుతుంది?

భాష మాట. హైకోర్టులో, సుప్రీంకోర్టులో ఇంగ్లీషు తప్పదు. కింది కోర్టులో తెలుగు బాగా రావాలి, పాత దస్తావేజుల్లో తెలుగు చదవగలగాలి. జాతీయ సంస్థల్లో చదివి వచ్చిన మన పిల్లల్లో కొందరు సాక్షిని తెలుగులో గట్టిగా క్రాస్ చేయలేక ఇబ్బంది పడతారు. స్థానిక కాలేజీల్లో చదివిన కొందరు ఇంగ్లీషులో రిట్ పిటిషన్ రాయలేక హైకోర్టు ఆశ వదులుకుంటారు. మీరు చేరే చోట ఏది తక్కువ పడుతుందో దాన్ని సొంతంగా పూడ్చుకునే ఏర్పాటు మొదటి ఏడాది నుంచే పెట్టుకోవాలి.

ఏడో అడుగు: ర్యాంకులు, ప్లేస్‌మెంట్ లెక్కలు

కేంద్ర విద్యాశాఖ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో 2018 నుంచి లా విభాగం ఉంది. బెంగళూరు ప్రతిసారీ మొదటి స్థానంలోనే ఉంది, నల్సార్ పై వరసలో ఉంటూ వస్తోంది. పై అయిదారు పేర్ల విషయంలో ఈ ర్యాంకులు నమ్మదగినవే. ఆ కింద పన్నెండో స్థానానికి, ఇరవయ్యో స్థానానికి తేడా చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ప్లేస్‌మెంట్ కరపత్రంలో "అత్యధిక జీతం" అన్న వరుసను వదిలేయండి. బ్యాచ్‌లో మొత్తం ఎందరు, ప్లేస్‌మెంట్‌కు నమోదు చేసుకున్నది ఎందరు, ఉద్యోగం వచ్చింది ఎందరికి, మధ్యస్థ జీతం (జీతాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంత? ఈ నాలుగూ చెప్పని కరపత్రం పక్కన పెట్టండి. ప్రాక్టీసు కోరుకునేవాళ్లకు ఇంకో లెక్క ముఖ్యం: గత మూడేళ్లలో పాసైనవాళ్లలో ఇప్పుడు కోర్టులో ఉన్నవాళ్లు ఎవరు? వాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో పావుగంట మాట్లాడండి. డిగ్రీ అయ్యాక ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసవ్వాలి, అది తెలుగులోనూ రాయవచ్చు. ఏ కాలేజీ నుంచి వచ్చినా ఆ పరీక్ష ఒక్కటే. నమోదు ఫీజు కూడా అందరికీ ఒకే లెక్క. జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చింది.

ఎనిమిదో అడుగు: ఆప్షన్ల వరుస

క్లాట్ కౌన్సెలింగ్‌లో మీకు నిజంగా ఇష్టమైన వరుసలోనే పేర్లు పెట్టండి. "ర్యాంకుకు ఇది రాదులే" అని పైపేరు తీసేయకండి. సీటు వచ్చాక ఫ్రీజ్ అంటే అదే ఖాయం. ఫ్లోట్ అంటే చేతిలో ఉన్నది ఉంచుకుని పై ఆప్షన్ కోసం ఎదురుచూడటం. ఫ్లోట్‌లో ఉండగా పై ఆప్షన్ వస్తే పాతది పోతుంది, అందుకే వెళ్లే ఉద్దేశం లేని పేరును అసలు వరుసలోకే రానివ్వకూడదు. గడువులోపు డబ్బు కట్టకపోతే సీటు జారిపోతుంది. కౌన్సెలింగ్ మొదలయ్యేనాటికి ఆ మొత్తం ఖాతాలో ఉండాలి.

లాసెట్ కౌన్సెలింగ్ తరచూ ఆలస్యమవుతుంది, క్లాట్ సంస్థల్లో తరగతులు మొదలయ్యాక కూడా ఇక్కడ సీట్ల కేటాయింపు జరగకపోవచ్చు. రెండూ రాసినవాళ్లకు అసలు ఇరకాటం ఇదే. దూరాన, కొత్తగా పెట్టిన ఒక జాతీయ సంస్థలో సీటు చేతిలో ఉంది, దగ్గర్లోని విశ్వవిద్యాలయ కాలేజీలో వస్తుందో రాదో తెలియదు. అప్పుడు ఏం చేయాలి? అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇది. లా ఫర్మ్‌లు, ఢిల్లీ మనసులో ఉంటే, ఖర్చు భరించగలిగితే, వెళ్లండి. సొంత జిల్లాలో ప్రాక్టీసు చేయాలన్న పట్టుదల ఉంటే, అప్పు చేసి ఎక్కడో దూరాన కొత్త క్యాంపస్‌కు వెళ్లడం కంటే, అధ్యాపకులు ఉన్న పాత విశ్వవిద్యాలయ కాలేజీ కోసం రెండు నెలలు ఆగడం మేలు. ఆగే ఆ రెండు నెలలు ఒక సీనియర్ ఆఫీసులో ఫైళ్లు చదువుతూ గడపవచ్చు. అయితే ముందు నిరుటి లాసెట్ చివరి ర్యాంకులు చూసుకుని, మీ ర్యాంకు వాటికి బాగా లోపల ఉంటేనే ఆ ధైర్యం చేయండి. అంచున ఉంటే చేతిలో ఉన్న సీటు వదలకండి.

సీటు ఖాయం చేసే ముందు రోజు ఫీజు వాపసు తేదీలు, టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడ ఇస్తున్నారన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి ఉంచుకుని, ఒరిజినల్స్ ఇచ్చిన ప్రతి చోటా సంతకంతో రసీదు తీసుకోండి.